మగ్రిబ్ ఇంటర్వెల్

సౌదీలోని హుఫూఫ్‌లో ఒక మాల్ పై అంతస్తులో ఉన్న సినిమా హాళ్ళకు నేను ఆపరేటర్‌ని. పేరుకే. ముదీర్, అంటే మా మేనేజరు, పొద్దున్నే కంప్యూటర్లో షోల టైములు పెట్టేస్తాడు. ఆ తర్వాత సినిమా దానంతటదే మొదలవుతుంది, దీపాలు వాటంతటవే ఆరిపోతాయి, బొమ్మ అయిపోగానే వాటంతటవే వెలుగుతాయి. నేను ఫిల్టర్లు తుడుస్తాను, మెషీన్ వేడెక్కిందేమో చూస్తాను, అంతే. నంద్యాల దగ్గర ఒక చిన్న ఊరి థియేటర్లో ప్రొజెక్టరు వెలుగు కోసం కార్బన్ కడ్డీలు వెలిగించి, రీళ్ళు మార్చి, వేళ్ళు కాల్చుకున్నవాణ్ణి. ఇక్కడ గుడ్డ పట్టుకుని మెషీన్ చుట్టూ తిరుగుతుంటే కడుపు మండుతుంది. ఆ మాట ఫోన్లో మా ఆవిడతో అంటే, "జీతమొస్తాంది గదా, గమ్మునుండు" అంటుంది. ఆమెకేం, బాగానే చెబుతుంది.

అందుకే మంగళవారం అంటే నాకు ప్రాణం. మంగళవారం సాయంత్రాలు మా చిన్న హాలును ఒక ఫిల్మ్ క్లబ్బు వాళ్ళు తీసుకుంటారు. ఆ షో కంప్యూటరుకు వదలరు, మొదలుపెట్టడం, ఆపడం నా చేత్తోనే. దాన్ని నడిపేది ఒక సౌదీ మేడమ్, ఆడపిల్లల స్కూల్లో టీచరు. ఆ చలికాలమంతా ఆమె ఈ మధ్య వచ్చిన రష్యా సినిమాలే వేసింది. ఎందుకని ఒకసారి అడిగాను. నాకు వచ్చిన అరబీకి తగ్గట్టు నెమ్మదిగా చెప్పింది.

"దేవుడి పేరు చెప్పేవాళ్ళూ, అధికారం చేతిలో ఉన్నవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగితే ఏమవుతుందో వాళ్ళు దాచకుండా తీస్తున్నారు. తీర్పు మాత్రం చెప్పరు. మనకే వదిలేస్తారు."

తీర్పు మనకు వదిలేస్తే ఇక వాళ్ళు చేసిందేమిటని నాకు మొదట్లో చిర్రెత్తుకొచ్చింది. పోలీసు లంచం తింటాడు, ఇంటికెళ్ళి తల్లి కాళ్ళు పిసుకుతాడు. సన్యాసిని అబద్ధమాడుతుంది, ఆ అబద్ధం వల్ల ఒక పిల్ల బతికిపోతుంది. ఎవరిని తిట్టుకోవాలో తెలియదు. హాలు బయట పాప్‌కార్న్ అమ్మే జగిత్యాల తమ్ముడు తలుపు సందులోంచి కాసేపు చూసి, పైకి నా గదిలోకి వచ్చేవాడు.

"అన్నా, గీ సినిమాల విలన్ ఎవడే?"

"ఇంకా తేలలేదురా."

"గంటాయె. ఎప్పుడు తేలుతది?"

"తేల్చరంట."

"గట్లెట్ల? గీల్లు పాప్‌కార్న్ గూడ తింటలేరు. కండ్లార్పకుంట సూస్తున్నరు."

నిజమే, తినడం మరిచిపోయేవాళ్ళు. రెండు మూడు సినిమాలు గడిచేసరికి నేనూ అంతే అయ్యాను. ఆ మంచులో తిరిగే మనుషులు నాకు తెలిసినవాళ్ళే అనిపించడం మొదలైంది.

మా ఊరి థియేటర్ ఓనరు అలాంటివాడు. ఎవరి పొలం ఎట్లా రాయించుకున్నాడో ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపరు. ఉరుసుకు పులావు వండించేదీ ఆయనే, జాతరకు అన్నం పెట్టించేదీ ఆయనే. మా మసీదు మినారుకు సున్నం, వాళ్ళ గుడికి గంట, రెండూ ఆయన చేతి మీదుగానే. పదో తరగతి తప్పి ఊరి మీద పడి తిరుగుతున్న నన్ను పిలిచి పని ఇచ్చిందీ ఆయనే. ఆయన మంచివాడా చెడ్డవాడా అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ నోరు పెగలదు.

ఆ థియేటర్లో నేను నేర్చుకున్న అసలు విద్య ఇంటర్వెల్. తెలుగు సినిమాకు ఇంటర్వెల్ దర్శకుడే పెట్టి పంపిస్తాడు. ఇంగ్లీషు బొమ్మలకు అది ఉండదు, మేమే పెట్టుకోవాలి. మా దగ్గర అది ఎక్కడ పడేదంటే, ఓనరుకు సిగరెట్టు గుర్తొచ్చినచోట. బాల్కనీలో ఆయన కుర్చీలోంచి లేస్తే చాలు, నాకు పని నేర్పిన పాత ఆపరేటరు బొమ్మ ఆపేసేవాడు. హీరో కొండ అంచు పట్టుకుని వేలాడుతున్నా సరే, పెళ్ళికూతురు నోరు తెరిచి ఏదో చెప్పబోతున్నా సరే. కింద నేల టికెట్టు వాళ్ళు ఈలలు, బూతులు. ఓనరు రాని రోజుల్లో మాత్రం మా గురువు తన పనితనం చూపించేవాడు. జనం గుండె గొంతులోకి వచ్చిన క్షణం చూసి ఆపేవాడు. "ఈడ ఆపితే ఒక్కడు గూడా ఇంటికి పోడు, సూడు" అనేవాడు. పోయేవాళ్ళు కాదు.

ఇక్కడ క్లబ్బు సినిమాకూ ఇంటర్వెల్ ఉంటుంది, నమాజు వల్ల. సాయంత్రపు అసర్ నమాజు తర్వాత మొదలుపెడితే మధ్యలో సూర్యుడు కుంకుతాడు, మగ్రిబ్ నమాజు వేళ అవుతుంది. పెద్ద హాళ్ళలో సినిమా ఆపరు, కావలసినవాళ్ళు లేచి వెళ్ళి నమాజు చదువుకుని వస్తారు. క్లబ్బు వాళ్ళు మాత్రం అందరూ కలిసి వెళ్ళి, కలిసి రావాలని పెట్టుకున్నారు. ఎక్కడ ఆపాలో మేడమ్ ముందే చెప్పేది. ఎప్పుడు చూసినా మంచు కురిసేచోటో, ఖాళీ రోడ్డు కనిపించేచోటో. సినిమాకు గాయం కాకుండా ఆపాలట. ఆపేవాణ్ణి. నమాజు అయ్యాక సగం మంది కింద ఫుడ్ కోర్టులో తేలేవాళ్ళు. పైన ఖాళీ కుర్చీలకు బొమ్మ వేస్తూ పళ్ళు కొరుక్కునేవాణ్ణి. ఆపకూడని చోట ఆపితే ఇంతే.

చలి బాగా ముదిరిన రోజుల్లో ఒక పొద్దున మేడమ్ ఒంటరిగా వచ్చింది. ముఖంలో నెత్తురు లేదు.

ఆమె తండ్రి రిటైరైన అరబీ మాస్టారు. ఊళ్ళో అందరూ ఉస్తాద్ అంటారు. వాళ్ళ పేట మసీదులో ఇమాం లేని రోజున నమాజు చేయించేది ఆయనే. క్లబ్బుకు వచ్చే ఆడపిల్లలు ఇంట్లో "ఉస్తాద్ గారి కూతురు నడుపుతోంది" అని చెప్పి వస్తారు. ఆ ఒక్క మాట మీదే తల్లిదండ్రులు పంపిస్తారు. ఇప్పుడు ఆయనతో ఎవరో అన్నారట, వచ్చే మంగళవారం వేసే సినిమా నిండా చర్చి, శిలువలు, ఫాదర్లేనని. ఆయన జన్మలో సినిమా హాలు గడప తొక్కలేదు. కూతుర్ని పిలిచి నెమ్మదిగానే చెప్పాడట.

"నేనే వస్తాను, నా కళ్ళతో చూస్తాను. మగ్రిబ్‌కు లేస్తాను. నమాజు తర్వాత తిరిగి వచ్చి కూర్చున్నానంటే నీ క్లబ్బు నీది. రాకపోతే ఆ రోజుతో ఆపెయ్."

ఆ మాటలు చెబుతున్నప్పుడు మేడమ్ ఏడవలేదు. చేతిసంచి పట్టీని మెలిపెడుతూ ఉంది. నాకు మాత్రం నిజంగా భయం వేసింది. క్లబ్బు పోతే ఆమెకు ఏం పోతుందో నేను చెప్పలేను. వారంలో నా చేతులకు పని ఉండే ఒక్క సాయంత్రం నాకు పోతుంది. మిగిలేది గుడ్డ, ఫిల్టరు.

హాలు ఖాళీగా ఉన్న ఆ పొద్దునే ఇద్దరం సినిమా వేసుకుని చూశాం. ఆమె పక్కనుంచి కథ చెబుతూ వచ్చింది. కథ చిన్నదే. ఉత్తరాన గడ్డకట్టిన నది ఒడ్డున ఒక ఊరు. ఇళ్ళన్నిటికీ గొట్టాల్లో వేడి పంపే ఒక పెద్ద బాయిలరు ఉంటుంది. అది పేలి, అందులో పనిచేసే కుర్రాళ్ళు చనిపోతారు. మరమ్మతు చేయించకపోవడం జిల్లాను ఏలే పెద్ద చేసిన తప్పు. తల్లులు అతని మీద కేసు పెడతారు. కొత్త బాయిలరు దారిలో ఉందనీ, మంచు వల్ల ఆలస్యమవుతోందనీ ఊరికి చెబుతుంటారు. పసిపిల్లలు కూడా కోట్లు వేసుకునే పడుకుంటుంటారు. ఒక రోజు ఆ ఊరి ఫాదరు ప్రార్థన మధ్యలో తల్లుల వైపు తిరిగి, ఇది దేవుడి ఇష్టం, కేసు వదిలెయ్యండి అంటాడు. ఒక తల్లి అతని ముఖంలోకి చూస్తుంది. అతను తల తిప్పుకుని బయటికి వచ్చి, మంచులో ఆగి ఉన్న జిల్లా పెద్ద కారెక్కి, తలుపు వేసుకుంటాడు.

ఆ తర్వాత బొమ్మ కారు లోపలికి మారుతుంది. ఫాదరు పక్కన కూర్చున్న పెద్ద వైపు చూడకుండా అంటాడు, "నువ్వు చెప్పమన్నది చెప్పాను. బాయిలరు ఎప్పుడు బిగిస్తావు?"

అప్పుడు తెలుస్తుంది మనకు, అది మంచు వల్ల ఆగలేదని, పెద్దే ఆపి ఉంచాడని. ఆ తర్వాత కొత్త బాయిలరు పొగగొట్టంలోంచి పొగ లేస్తూ చాలాసేపు కనిపిస్తుంది.

"ఇక్కడ ఆపు, పొగ దగ్గర" అంది మేడమ్. "మా నాన్న ఊపిరి తీసుకుంటాడు."

"ఊపిరి తీసుకున్నాడంటే ఇంటికి పోతాడు మేడమ్. కారు తలుపు పడగానే ఆపుదాం."

"అక్కడ ఆపితే ఫాదరు దొంగ అయిపోతాడు. అతను దొంగ కాదు."

"మరి దొరా?"

"దొర కూడా కాదు. అదే కదా సినిమా!" అని విసుక్కుంది. కాసేపు తెర వైపే చూసి, "నీ ఇష్టం" అని లేచి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు నీ ఇష్టం అంటే దానికి అర్థమేమిటో పెళ్ళయిన నాకు తెలియకపోలేదు. అయినా తలుపు దగ్గరే ఆపాలని నిశ్చయించుకున్నాను. తలుపు పడడం, అజాన్ మోగడం ఒకేసారి జరిగేలా సినిమా కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టాలని కూడా లెక్క వేసుకున్నాను. మా గురువు బతికి ఉంటే వీపు తట్టేవాడు.

మంగళవారం ఉస్తాద్ వచ్చాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. తోబు అనే తెల్లటి పొడుగు అంగీ మీద గోధుమరంగు ఉన్ని కోటు. కూతురు చూపించిన కుర్చీ వద్దని, ఆఖరి వరుసలో తలుపు పక్కన కూర్చున్నాడు. జగిత్యాల తమ్ముడు మర్యాదగా పాప్‌కార్న్ ఇవ్వబోతే, వద్దని తల అడ్డంగా ఊపి, జేబులోంచి ఖర్జూరాలు తీసి వాడి చేతిలో పెట్టాడు. వాడు వాటిని పట్టుకుని పైకి వచ్చాడు.

"అన్నా, పెద్దాయన మంచోడే తియ్యి."

"అది ఇంకా తేలలేదురా" అన్నాను.

సినిమా నడుస్తున్నంతసేపూ నేను తెర చూడలేదు. గది కిటికీలోంచి ఆయన తల వెనకభాగమే చూశాను. బాయిలరు పేలినప్పుడు ఆయన కదల్లేదు. తల్లులు చర్చిలో వరుసగా నిలబడినప్పుడు చేతులు మోకాళ్ళ మీదికి వచ్చాయి. ఫాదరు ఆ మాట అన్నప్పుడు ఆయన తల కొంచెం వెనక్కి జరిగింది. ఫాదరు కారెక్కాడు. తలుపు పడింది. నా ఫోన్లో అజాన్ మొదలైంది. ఆపేసి, దీపాలు వేశాను.

హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. ఉస్తాద్ లేచి తలగుడ్డ సర్దుకుని, కూతురి వైపు చూడకుండా బయటికి నడిచాడు. మేడమ్ మాత్రం తల ఎత్తి నా కిటికీ వైపు చూసింది. ఆ చూపు గురించి ఎక్కువ చెప్పను.

కింది అంతస్తులో మాల్ వాళ్ళ నమాజు గది ఉంది. మగవాళ్ళందరూ ఉస్తాద్‌ను ముందుకు నెట్టారు. ఆయనే చేయించాడు. నేను రెండో వరుసలో సరిగ్గా ఆయన వెనకే నిలబడ్డాను. నమాజులో సినిమా గురించి ఆలోచించకూడదు. ఆలోచించాను. చివర్లో చేతులెత్తి, ఈయన తిరిగి వచ్చేలా చూడమని దువా కూడా చేశాను. సినిమా కోసం దువా చెయ్యొచ్చో లేదో అడగాలంటే మళ్ళీ ఆయన్నే అడగాలి. అందరూ లేచినా ఆయన లేవలేదు. తల వంచుకుని కూర్చునే ఉన్నాడు.

నేను పైకి పరిగెత్తాను. వరండాలో ఒకటే వాదన. ఫాదరు అమ్ముడుపోయాడని ఒక అమ్మాయి, కాదు భయపడ్డాడని ఇంకొక అబ్బాయి, ఆ తల్లి ఇప్పుడేం చేస్తుందని మరొకరు. ఫుడ్ కోర్టుకు ఒక్కరూ పోలేదు. మా గురువు విద్య సౌదీలో కూడా పనిచేసింది. అందరూ వచ్చి కూర్చున్నారు. తలుపు పక్కన ఆఖరి కుర్చీ మాత్రం ఖాళీ.

ముదీర్ ఫోను చేశాడు. "తర్వాతి షోకు జనం వచ్చేస్తున్నారు. ఎందుకు మొదలుపెట్టలేదు?"

"మెషీన్ వేడెక్కింది సార్. కొంచెం చల్లారనివ్వండి" అన్నాను. మెషీన్ చల్లగానే ఉంది.

కాసేపటికి మేడమ్ హాలు మధ్యలో నిలబడి, ఇక వెయ్యమని చెయ్యి ఊపింది. నాకు చేతులు రాలేదు. వినబడనట్టు, కనబడనట్టు మెషీన్ వెనక్కి జరిగాను. ఆమె ఇంకోసారి చెయ్యి ఊపలేదు. వెళ్ళి ముందు వరుసలో ఎవరూ లేనిచోట కూర్చుంది. ఆమె భుజాలు చూస్తే నాకు దుఃఖం వచ్చింది. పొగ దగ్గర ఆపమంది కదా, వినకపోతినే అనుకున్నాను.

అప్పుడు నా గది తలుపు తెరుచుకుంది. తమ్ముడేమో అనుకుని, "ఇప్పుడు గాదు, పో" అన్నాను తెలుగులోనే. వెనక్కి తిరిగి చూస్తే ఉస్తాద్.

ఆయన మెషీన్‌ను పైనుంచి కిందికి చూశాడు.

"సినిమా నడిపేది నువ్వేనా?"

"నేనే, ఉస్తాద్."

"అది అక్కడ దానంతటదే ఆగిందా, నువ్వు ఆపావా?"

దానంతటదే ఆగిందని చెప్పొచ్చు, ఆయనకు ఎలా తెలుస్తుంది? కానీ ఇప్పుడే ఆయన వెనక నిలబడి నమాజు చదివి వచ్చాను.

"నేనే ఆపాను."

"అక్కడే ఎందుకు?"

"మీరు తిరిగి రావాలని."

ఆయన గోడకు ఆనుకుని, నాకు అర్థం కావాలని కాబోలు, చిన్నచిన్న మాటల్లో చెప్పాడు.

"నేను వెళ్ళిపోదామనే అనుకున్నాను. కింద కారు దాకా వెళ్ళాను. ఎక్కి తలుపు వేసుకున్నాను. ఆ చప్పుడు వినగానే అతను గుర్తొచ్చాడు. నమాజులోనూ అతనే. నా తప్పులు తలుచుకోవలసిన చోట ఇంకొకడి తప్పు తలుచుకుంటూ నిలబడ్డాను. తలుపు వేసుకున్నాక అతను లోపల ఏం మాట్లాడాడో తెలియకుండా ఇంటికి ఎలా పోను?"

"వెళ్ళి కూర్చోండి. ఇప్పుడే వేస్తాను."

ఆయన గడప దాటబోతూ ఆగాడు. "ఒక మాట. ఇంకెప్పుడూ నాకోసం ఆపకు. నమాజు కోసం ఆపు."

కోపంగా అనలేదు. అయినా చెంప మీద కొట్టినట్టయింది. ఓనరు సిగరెట్టు కోసం లేచినప్పుడు మా గురువు చెయ్యి ఎక్కడికి పోయేదో, ఈ రోజు నా చెయ్యీ అక్కడికే పోయింది. ఇన్ని దేశాలు దాటి వచ్చి కూడా నేను ఒక పెద్దమనిషి కుర్చీ వైపు చూసే బొమ్మ ఆపాను. కాకపోతే ఆ ఓనరు ఎన్నడూ వద్దనలేదు, ఈయన అన్నాడు.

దీపాలు ఆర్పి మొదలుపెట్టాను. కారు లోపల ఫాదరు బాయిలరు మాట అడగగానే, ఉస్తాద్ ముందుకు వంగి, ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు. అయిపోయేదాకా ఆ చెయ్యి తీయలేదు.

మిగతా సినిమాలో ఊరికి వేడి వస్తుంది. పిల్లలు కోట్లు విప్పి ఆడుకుంటారు. కేసు వదలనిది ఆ ఒక్క తల్లే. ఆమె రోజూ చర్చికి వచ్చి, వెనక నిలబడి, ఏమీ అనకుండా ఫాదరు వంక చూసి వెళ్ళిపోతుంది. ఆఖరికి పండగ రోజున, ముందు వరుసలో జిల్లా పెద్ద కూర్చుని ఉండగా, ఫాదరు చదవవలసింది పక్కన పెట్టి, బాయిలరులో పోయిన కుర్రాళ్ళ పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చదువుతాడు. పెద్ద లేచి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత గొట్టాల్లో వేడి ఉందో, ఆగిందో చెప్పరు.

దీపాలు వెలిగాయి. చప్పట్లు లేవు. అందరూ మెడలు తిప్పి ఆఖరి వరుస వైపు చూశారు. మేడమ్ మాత్రం తిరగలేదు. తెర వైపే చూస్తూ నిలబడి ఉంది.

ఉస్తాద్ లేచి గొంతు సవరించుకున్నాడు. "కింద వేసే ఆ అరబీ అక్షరాలు మరీ చిన్నవి. ఇక్కడినుంచి సగం చదవలేకపోయాను. వచ్చే వారం నాకు ముందు వరుసలో కుర్చీ ఉంచు."

మేడమ్ అలాగేనని తల ఊపింది. పక్క తలుపు దాకా వెళ్ళి, గోడవైపు తిరిగి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నేను పైనుంచి చూస్తూ ఏడ్చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సీట్ల మధ్య ఊడుస్తూ ఉన్న తమ్ముడు నా కిటికీ వైపు తల పైకెత్తి అడిగాడు.

"ఇంతకు ఫాదర్ మంచోడేనా అన్నా?"

"వచ్చే వారం ఉస్తాద్‌ను అడుగు, పక్కన కూర్చుని" అన్నాను.

ఆ పై మంగళవారం నేను ఆపే చోటు వెతకలేదు. మొదలుపెట్టే టైము ముందుకూ వెనక్కూ జరపలేదు. ఫోన్లో అజాన్ మోగేసరికి తెర మీద ఒక ముసలావిడ వంటింట్లో కూర్చుని బంగాళదుంపల తొక్క తీస్తోంది. ఏడుపు లేదు, గొడవ లేదు, తలుపు చప్పుడు కూడా లేదు. ఇక్కడ ఆపితే మా గురువు నెత్తి కొట్టుకునేవాడు. ఆపేశాను. కింద అందరితో కలిసి నిలబడి, ఈసారి మనసు అటూ ఇటూ పోనివ్వకుండా నమాజు చదివాను. తిరిగి వచ్చి కిటికీలోంచి చూస్తే, ఉస్తాద్ అందరికంటే ముందే వచ్చి, ముందు వరుసలో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఒక్కొక్కరే వచ్చి ఆయన వెనక కూర్చున్నారు. ఎవరూ తగ్గలేదు. దీపాలు ఆర్పి, ఆవిడ చేతిలోని సగం తొక్క తీసిన దుంప దగ్గర్నుంచే మొదలుపెట్టాను.